ఉబ్బసం మందులు

శ్వాసనాళాలు బిగుసుకుని, లోపలి పొర వాచి, తెమడ పేరుకోవడం వల్ల వచ్చే ఆయాసాన్ని, పిల్లికూతలను అదుపులో పెట్టే మందులివి. తెలంగాణ పల్లెల్లో ఈ జబ్బును ‘దమ్ము’ అంటారు. నల్గొండ జిల్లా హాలియా వంటి సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు ఊళ్లలో వరికోతల దుమ్ము, కొయ్యకాళ్లు కాల్చిన పొగ దమ్మున్నవాళ్లకు పడవు. మందులు ముఖ్యంగా రెండు రకాలు: బిగిసిన నాళాన్ని అప్పటికప్పుడు వదులు చేసేవి, వాపును రోజూ అణచి ఉంచేవి. మొదటివి పాతవి. రెండోవాటి విలువ తెలిసేసరికి ఇరవయ్యో శతాబ్దం సగం దాటింది.

ఉమ్మెత్త పొగ

ఎండిన ఉమ్మెత్త పొగ పీల్చడం మన దేశంలో పాత చికిత్స. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ దీన్ని వాడాడు. జనరల్ జెంట్ అనే సైనికాధికారి 1802లో దీన్ని బ్రిటన్‌కు చేరవేశాడు. ఉమ్మెత్తలోని అట్రోపిన్ నాళాలను బిగించే నరాల సంకేతాన్ని అడ్డుకుంటుంది. మోతాదు మించితే చూపు మసకబారుతుంది, మతి తప్పుతుంది, ప్రాణమూ పోవచ్చు. ఇదే తీరులో పనిచేసే ఇప్రాట్రోపియం, టయోట్రోపియం పీల్చినా రక్తంలోకి పెద్దగా చేరవు. నోరు ఎండడమే వాటితో తరచుగా కనిపించే ఇబ్బంది.

అడ్రినలిన్ నుంచి సాల్బుటమాల్ దాకా

తేయాకు నుంచి 1888లో వేరుచేసిన థియోఫిలిన్ నాళాలను వదులు చేస్తుంది. కానీ దాని మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దూరం తక్కువ: వాంతులు, గుండె లయ తప్పడం, ఫిట్స్ రావచ్చు. 1903లో అడ్రినలిన్ సూది వచ్చింది. ఆయాసం తగ్గేది, గుండె దడదడలాడేది. 1956లో చేతిలో పట్టే ఇన్‌హేలర్ వచ్చింది. 1960లలో అడ్రినలిన్ తరహా మందైన ఐసోప్రెనలిన్‌ను ఎక్కువ మోతాదులో ఇచ్చే ఇన్‌హేలర్లు వాడిన కొన్ని దేశాల్లో ఉబ్బసం చావులు పెరిగాయి. 1969లో వచ్చిన సాల్బుటమాల్ ప్రధానంగా శ్వాసనాళాల కండరం మీదే పనిచేస్తుంది. చేతులు వణకడం, గుండెదడ దాని దుష్ప్రభావాలు. మాత్రలో 4 మిల్లీగ్రాములుంటే, ఇన్‌హేలర్ ఒక్క నొక్కులో 100 మైక్రోగ్రాములే, అంటే నలభయ్యో వంతు.

వాపు మీద చికిత్స

స్టెరాయిడ్ మాత్రలు 1950ల నుంచి ఎందరినో కాపాడాయి. ఏళ్ల తరబడి మింగితే మాత్రం షుగర్ పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి, కంట్లో శుక్లం వస్తుంది. 1972లో వచ్చిన పీల్చే స్టెరాయిడ్ బెక్లోమెథసోన్ ఆ కష్టాన్ని చాలావరకు తీర్చింది. దానితో గొంతు బొంగురుపోవచ్చు, నోట్లో తెల్లపూత రావచ్చు, పిల్లల ఎదుగుదల స్వల్పంగా మందగించవచ్చు. అదుపు తప్పిన ఉబ్బసం వీటికన్నా ఎంతో ప్రమాదం. 1998లో వచ్చిన మాంటెలుకాస్ట్ మాత్ర కొందరిలో పీడకలలు, దిగులు కలిగిస్తుందని 2020లో అమెరికా గట్టి హెచ్చరిక చేర్చింది. పెద్దలు, కౌమారులకు సాల్బుటమాల్ ఒక్కటే వాడటం చాలదని, పీల్చే స్టెరాయిడ్ తోడుండాలని 2019లో అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి.

తెలుగు నేల మీద

హైదరాబాద్‌లో మృగశిర కార్తెకు బత్తిని కుటుంబం 1845 నుంచి వస్తున్నదంటూ కొరమీను పిల్ల నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి మింగిస్తుంది. ఈ చేప మందు ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. దాన్ని నమ్మి మింగినవాళ్లు కూడా ఇన్‌హేలర్ మానకూడదు. పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు. బోదకాలు పురుగు వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే ఈసినోఫీలియా అచ్చం అలాగే ఉంటుంది. దానికి మందైన డైఇథైల్‌కార్బమజీన్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనల ఫలం.

వాడే తీరు

ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, ఊపిరితిత్తుల్లోని గాలి పూర్తిగా వదలాలి. ఇన్‌హేలర్ మూతి చుట్టూ పెదాలు బిగించి, నెమ్మదిగా పీలుస్తూ ఒకసారి నొక్కి, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టాలి. ఈ వరుస తప్పితే మందు చాలావరకు గొంతులోనే ఆగిపోతుంది. పిల్లలకు, వృద్ధులకు స్పేసర్ గొట్టం తగిలిస్తే సులువు. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. ఆయాసం లేని రోజున కూడా లోపల వాపు ఉండవచ్చు. అందుకే రోజూ వాడమన్న మందును డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు.