పాత వస్తువులు: బాగుచేయుటయా, ఉన్నవి ఉన్నట్లు ఉంచుటయా?

శతాబ్ది ఉత్సవములలో ఒక చిన్న ప్రదర్శన పెట్టాలని తలచి, ఇండ్లలో ఉన్న పాత వస్తువులను ఇవ్వవలసినదిగా కలకడలో మేము ఇల్లిల్లూ తిరిగి అడిగాము. రెండు వారములలో బల్ల నిండిపోయింది. అట్టలు ఊడిన బైబిలు, పాత కీర్తనల పుస్తకములు, గాలి నిలువని హార్మోనియము, ఇత్తడి చేతిగంట, మసకబారిన పెండ్లి ఫోటోలు, ఉపదేశులు వ్రాసియిచ్చిన బాప్తిస్మపు చీటీలు, డబ్బా నిండా అర్ధణాలు, చిల్లుకాణులు వచ్చాయి. వాటితోపాటు ఒక తగవు కూడా వచ్చింది. వీటిని బాగుచేయించి కొత్తవాటివలె చూపించాలా, ఉన్నవి ఉన్నట్లే ఉంచాలా?

తగవు తేలకముందే ఒక నష్టము జరిగింది. చేతిగంట నల్లబడియున్నదని మాలో ఒకరు చింతపండు, ఇటుకపొడి పెట్టి బంగారమువలె తోమారు. గంట అంచున సగము అరిగిన అక్షరములు కొన్ని ఉండేవి. ఆ తోముడుతో అవి బొత్తిగా పోయాయి. అది ఇచ్చినవారి పేరో, సంవత్సరమో, ఇప్పుడు చెప్పగలవారు లేరు. చేసినది మంచి మనసుతోనే. అయినా పోయిన అక్షరము తిరిగి రాదు. నాణెములు సేకరించువారు తోమిన నాణెమునకు తక్కువ వెల కట్టుటకు కారణము మాకు ఆనాడు బోధపడింది. నాణెముల డబ్బా మూత వెంటనే వేసివేశాము.

ఈ తగవు మనకు కొత్తగా వచ్చినది కాదు. పందొమ్మిదవ శతాబ్దములో ఇంగ్లండులో పాత దేవాలయములను బాగుచేయు ఉత్సాహము ప్రబలి, గోడల మీది పాత గచ్చు గీకివేసి, తరువాతి తరములవారు చేర్చిన భాగములను పడగొట్టి, మొదట ఇట్లుండెనని ఊహించుకొని కొత్తగా కట్టారు. దీనిని ఎదిరించి 1877లో విలియం మారిస్, ఆయన మిత్రులు ఒక సంఘము స్థాపించారు. వాన లోపలికి రాకుండా, గోడ పడకుండా ఎప్పటికప్పుడు చూచుకొనుడి, అంతకు మించి చేయి పెట్టవద్దు అనునది వారి వాదము. 1964లో వెనిస్ నగరములో కూడిన నిపుణులు కూడా ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని తీర్మానించారు.

అంత దూరము పోనక్కరలేదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర ఒక్కొక్క గ్రంథమునకు అనేక ప్రతులు తెప్పించి, పండితులకు జీతములిచ్చి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించారు. 1829లో వేమన పద్యములను అచ్చువేయించారు. సవరించిన పాఠము వేరొక కాగితము మీద ఉంటే, అందులో తప్పు దొర్లినా మూలము చూచి మరల దిద్దుకోవచ్చును. మూలమునే దిద్దితే ఆ దారి మూసుకుపోతుంది. ఆయన కడప బంగళా మాత్రము శిథిలమైపోయింది. ఆ స్థలములో నేడు ఆయన పేరిట గ్రంథాలయము నడుస్తున్నది. అది ఎంతో మేలైన పని. కాని పండితులు కూర్చుండి ప్రతులు పోల్చిన ఆ గదులను ఇక ఎవ్వరమూ చూడలేము.

మన మదనపల్లెలో ఇంకొక నిదర్శనమున్నది. 1919లో రవీంద్రనాథ ఠాగూరు దివ్యజ్ఞాన కళాశాలలో అతిథిగా ఉన్నప్పుడు, 'జనగణమన'ను ఆంగ్లములోనికి తర్జుమా చేసి, స్వహస్తముతో వ్రాసి, ఫిబ్రవరి 28 తేదీ వేసి సంతకము చేశారు. మార్గరెట్ కజిన్స్ గారు దాని స్వరమును వ్రాసిపెట్టారు. ఆ మాటలను నేడు ఎంత అందముగానైనా అచ్చువేయవచ్చును. అయినా ఆ చేతివ్రాతకున్న విలువ అచ్చుకు రాదు. మన ఉపదేశుల చీటీలు అంతటివి కాకపోవచ్చును గాని, వాటికీ న్యాయము ఇదే.

అయితే అన్నిటినీ ముట్టకుండా ఉంచుట కుదురునా? 1915 నుండి రోగులకు సేవచేసిన ఆరోగ్యవరములో కప్పు కారితే, పాతది గనుక అట్లే ఉండనిమ్మని ఎవరూ అనరు. వాడుకలో ఉన్నది మరమ్మతు కోరుతుంది. అందుచేత హార్మోనియమునకు బెల్లోసు తోలు మార్పించాము. మ్రోగని హార్మోనియము ఉత్త పెట్టె. కాని పెట్టె రంగు, అరిగిన మెట్లు అట్లే ఉంచి, తీసిన తోలును ఒక సంచిలో వేసి, మార్చిన తేదీ చీటీపై వ్రాసి కట్టిపెట్టాము. ఫోటోలపై రంగు వేయనీయలేదు. వాటికి నకళ్లు తీయించి, ఆ నకళ్లనే బాగుచేయించాము.

కష్టమంతా బైబిలు దగ్గర వచ్చింది. అది మా సంఘములోని ఒక అవ్వది. ముందరి తెల్ల పుటలలో, అంచులలో, మూడు తరములవారు తమ ఇంటి జననములు, మరణములు వ్రాసుకున్నారు. అందులో నాలుగు దినములే బ్రతికిన ఒక బిడ్డ పేరున్నది. బాప్తిస్మమునకు ముందే పోయినందున ఆ పేరు సంఘపు రిజిస్టరులో లేదు. బైండు చేయు అతను చూచి, మూడు వైపులా పావు అంగుళము కోసి, రెక్సిను అట్ట వేసి, బంగారు అక్షరములు కొట్టిస్తానన్నాడు. కోస్తే ఆ బిడ్డ పేరు కాగితపు ముక్కలలో పోతుంది. అద్దాల బీరువాలో పెట్టి తాళము వేద్దామని మాలో కొందరన్నారు. అవ్వ ఒకటే మాట అడిగింది. "బీరువాలో పెడితే నేను దేంట్లో చదువుకునేది నాయనా?"

ఆ ప్రశ్నకు మావద్ద జవాబు లేకపోయింది. చివరకు అంచులు కోయించలేదు. చిరిగిన చోట్ల పలుచని జపాను కాగితము మైదాపిండి జిగురుతో అంటించాము. అవసరమైతే తడిచేసి మరల తీసివేయవచ్చును. పూర్వము ఎవరో అంటించిన సెల్లోటేపు పసుపుపచ్చబారి అక్షరములను మరకచేసియున్నది. దానిని పెరికితే సిరా కూడా లేచివచ్చునని మానుకున్నాము. వ్రాతలున్న పుటలన్నిటికీ ఫోటోలు తీయించాము. చదువుకొనుటకు అవ్వకు పెద్దక్షరముల బైబిలు కొనియిచ్చాము. ప్రదర్శన ముగిసిన మరునాడే ఆమె వచ్చి పాతదానిని కూడా తీసికొనిపోయింది. అది ఆమెది. మేము కాదనలేదు.

సంఘస్థులకు మా మనవి ఇంతే. పాత వస్తువు చేతికి వస్తే తోమకముందు, కోయకముందు, రంగు వేయకముందు, ఈ పని చెడితే మరల వెనుకకు తీసికొనగలమా అని అడుగుకొనుడి. తీసికొనలేని పని చేయకుడి. చేసిన ప్రతి మరమ్మతును తేదీతో వ్రాసిపెట్టుడి. మా గంట ఇప్పుడు తళతళ మెరుస్తున్నది. ఎవరు ఇచ్చారని పిల్లలు అడిగితే మాత్రము మేము చెప్పలేకపోవుచున్నాము.