పై చేయి, కింది చేయి: తెలుగు సినీనటుల దాతృత్వ చరిత్రలో యాచన

1977 సంక్రాంతికి ‘దాన వీర శూర కర్ణ’ విడుదలయింది. ఎన్.టి. రామారావు స్వయంగా దర్శకత్వం వహించి, కర్ణుడు, దుర్యోధనుడు, శ్రీకృష్ణుడు అనే మూడు పాత్రలూ ధరించిన చిత్రమది. అదే సంవత్సరం నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ఆ తరువాత రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ముందు నడవగా సినీకళాకారులు వీధుల్లో తిరిగి బాధితుల కోసం విరాళాలు సేకరించారు. సంక్రాంతినాడు తెరమీద దాతగా నిలిచిన నటుడు సంవత్సరాంతానికి జనం ముందు చేయి చాచాడు. సినీనటుల దాతృత్వాన్ని గురించిన రచనల్లో చాలావరకు ఈ రెండు దృశ్యాలను ఒకటిగానే చూశాయి. అడిగి తెచ్చినవాడిని దాత అన్నాయి. ఇచ్చినవారిని ‘ప్రజలు విశేషంగా స్పందించారు’ అన్న ఒక్క వాక్యంలో ముగించాయి.

ఈ తేడా తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. పోతన భాగవతం అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు వద్దని వారించినా బలి వెనుదీయడు. శ్రీదేవిని లాలించిన చేయి కిందా, తన చేయి పైనా ఉండడానికి మించిన భాగ్యమేముందని అతని తర్కం. ఆ క్షణంలో గౌరవం ఇచ్చేవాడిదే. అయితే కథ అక్కడితో ఆగదు. చేయి చాచిన పొట్టివాడే బ్రహ్మాండమంతా నిండిపోతాడు, ఇచ్చినవాడు కిందికి పోతాడు. తెలుగు నటుల దాతృత్వ చరిత్రకు కర్ణుడి కథకంటె ఈ వామనుడి కథే దగ్గర.

బహిరంగంగా అడగడమనే పద్ధతిని సినిమా కనిపెట్టలేదు. 1921లో తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని కాంగ్రెసు సంకల్పించినప్పుడు గాంధీ ఆంధ్రదేశంలో పర్యటించాడు. మాగంటి అన్నపూర్ణాదేవి వంటి స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఆయన చేతిలో పెట్టారు. వ్యక్తిగా తనకేమీ అక్కరలేనివాడు అందరి కోసం అడగవచ్చు, అడగడంవల్ల అతని స్థాయి తగ్గదు, పెరుగుతుంది అన్న భావం అప్పటికే జనంలో నాటుకున్నది. మరో ముప్పై ఏళ్ళకు, 1951 ఏప్రిల్ 18న, పోచంపల్లిలో వినోబా భావే అడగ్గా వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చాడు. భూదానం అక్కడ మొదలయింది. భూమికోసం సాయుధపోరాటం జరుగుతున్న గడ్డమీదే భూమిని యాచనతో రాబట్టవచ్చునని నిరూపించే ప్రయత్నమది. దాని ఫలితాన్ని గురించి ఎన్ని అభిప్రాయాలున్నా, యాచనకు అది తెచ్చిన ప్రతిష్ఠ కాదనలేనిది.

రంగస్థలానికీ తనదైన సంప్రదాయం ఉంది. వృత్తిరీత్యా న్యాయవాది అయిన బళ్ళారి రాఘవ (1880–1946) నాటకాన్ని జీవనోపాధిగా చూడలేదు. ప్రదర్శనల రాబడిని ధర్మకార్యాలకు ఇచ్చాడన్న కీర్తి ఆయనకుంది. పాఠశాల భవనానికో గ్రంథాలయానికో నాటకమాడి టిక్కెట్ల సొమ్ము అందజేయడం తెలుగు పట్టణాల్లో పరిపాటిగా ఉండేది. ‘బెనిఫిట్ షో’ అన్న మాట అటువంటి సందర్భాల్లో వాడుకలోకి వచ్చినదే. నేడు ఆ మాటకు అర్థం, కొత్త సినిమాను వేళకు ముందే, హెచ్చు ధరకు వేసే ఆట. పేరులో ప్రయోజనం అలాగే ఉంది, ఎవరి ప్రయోజనమన్నదే మారింది.

ఇక 1952. కరువులను సంవత్సరాల పేరుతో గుర్తుపెట్టుకోవడం తెలుగువారి అలవాటు. 1832–33 నాటిది నందన కరువు, 1876–78 నాటిది ధాత కరువు. 1952 ఉగాదికి మళ్ళీ నందన నామ సంవత్సరమే వచ్చింది. రాయలసీమ అప్పటికే వానలు లేక ఎండిపోయి ఉన్నది. గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరారు. ఆంధ్రరాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. రాయలసీమను పాలించే ప్రభుత్వమూ, తెలుగు సినిమా తయారయ్యే స్టూడియోలూ రెండూ మద్రాసులోనే ఉన్నాయి. అంతకు ముందు సంవత్సరమే ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’ విడుదలయి రామారావు పేరు ఊరూరా వినిపిస్తున్నది. ఆ పేరునే పెట్టుబడిగా పెట్టి ఆయన కరువు నిధికి విరాళాలు సేకరించాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. కరువుసీమకూ కోస్తా ప్రేక్షకుడికీ మధ్య అప్పటివరకు లేని ఒక దారి ఏర్పడింది. ఆ దారి ఒక ముఖం మీదుగా పోతుంది. టిక్కెట్టు కొని చూసిన ముఖం ఉచితంగా ఎదుటికి వచ్చి చేయి చాచినప్పుడు, ఆ చేతిలో పడిన నాణెంలో జాలి ఎంత, దర్శనానందం ఎంత అన్నది విడదీయడం కష్టం. విడదీయవలసిన అవసరమూ ఆకలిగొన్నవాడికి లేదు. చరిత్రకారుడికి మాత్రం ఉంది.

విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ 1956లో గ్రంథరూపంలో వచ్చింది. సీమ దైన్యాన్ని అందులో అనుభవించే మనుషులకు పేర్లున్నాయి, సంసారాలున్నాయి. సినీచరిత్రలోని కరువులో ఆకలిగొన్నవాడికి పేరు లేదు, విరాళమిచ్చినవాడికీ లేదు, సేకరించినవాడికే ఉంది. ఒకే కాలపు దుర్భిక్షాన్ని గురించిన ఈ రెండు జ్ఞాపకాలను పక్కపక్కన పెట్టి చదవడం సాహిత్య విద్యార్థికి లాభిస్తుంది.

అడిగినవారితోపాటు ఇచ్చినవారూ ఉన్నారు. వారి కథలను లోకం మరోవిధంగా చెప్పుకున్నది. ‘భక్త పోతన’ (1942), ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947) చిత్రాలతో తెలుగునాట పూజనీయుడైన చిత్తూరు నాగయ్య కాదనకుండా ఇచ్చేవాడని ప్రసిద్ధి. సంపన్నుడైన నటుడు చివరికి చిన్న చిన్న వేషాలతో కాలం గడిపి 1973 డిసెంబరు 30న మరణించాడు. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉన్న రోజుల్లో సావిత్రి తన నగలను ప్రధానమంత్రి సహాయనిధికి సమర్పించిందని చెబుతారు. అన్నపూర్ణాదేవి సంప్రదాయానికి అది నేరుగా వారసత్వం. కాని నాగయ్య, సావిత్రి జీవితకథలు చెప్పేవారి గొంతులో మెచ్చుకోలుతోపాటు ఒక హెచ్చరిక కూడా వినిపిస్తుంది: లెక్క తెలియక పోగొట్టుకున్నారని. సొంత సొమ్ము ఇచ్చినవారి కథ జాగ్రత్తలు చెప్పే నీతికథ అయింది, పరుల సొమ్ము పోగుచేసినవారి కథ విజయగాథ అయింది. సావిత్రి విషయంలో ఈ ధోరణి మరీ కటువు. ఆమె ఔదార్యాన్ని పతనానికి తొలిమెట్టుగా చిత్రించేవారు, అదే పని పురుషుడు చేస్తే ఎముకలేని చేయి అంటారు.

ఈ రెండింటి మధ్య మూడవ మార్గమొకటి అక్కినేనిది. గుడివాడలో 1950ల ఆరంభంలో వెలసిన కళాశాల ఆయన పేరుతోనే నడుస్తున్నది. విద్యాలయానికి దాత పేరు పెట్టడం అంతకుముందు సంస్థానాధీశుల ఆచారం. కాకినాడలో పిఠాపురం రాజా కళాశాల, విజయనగరంలో మహారాజా కళాశాల అందుకు నిదర్శనాలు. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి. మీర్జాపురం, చల్లపల్లి జమీందార్లు అప్పటికే చిత్రపరిశ్రమలో డబ్బు పెట్టి ఉన్నారు. జమీందారు నిర్మాతగా మారుతున్న కాలంలో, జమీందారు చేసిన పోషకపాత్ర నటుడికి సంక్రమించడం యాదృచ్ఛికం కాదు. పెద్ద చదువు లేని రైతుబిడ్డ పేరు కళాశాల ద్వారంమీదికి ఎక్కడంలో ఆ కాలపు సామాజిక చలనమంతా ఉంది.

దివిసీమ ఉప్పెననాటికి పరిస్థితులు వేరు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో అధికారిక లెక్కల ప్రకారమే మృతులు పదివేల వరకు. ప్రాణనష్టం అంతకంటె చాలా ఎక్కువన్నది స్థానికుల మాట. సహాయం చేయవలసిన ప్రభుత్వం అప్పటికి తెలుగువారిదే, హైదరాబాదులో ఉన్నదే. 1952లో నటుడు లేని ప్రభుత్వానికి బదులుగా నిలిచాడు, 1977లో ఉన్న ప్రభుత్వం పక్కన నిలిచాడు. చూసేవారికి పోలిక తట్టకుండా ఉండదు. అయిదేళ్ళకు, 1982 మార్చి 29న రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యాడు. జోలెలో విరాళం వేసినవారే ఓటూ వేశారనడం మరీ సులభమైన సూత్రీకరణ. అవినీతిపట్ల అసహనం, ఢిల్లీ పెత్తనంపట్ల ఆగ్రహం వంటి కారణాలు అంతకంటె బలమైనవి. అయితే ఓటు అడగడానికి వీధిలోకి వచ్చేనాటికి, ఆ వీధిలో జనాన్ని అడగడం ఆయనకు కొత్త కాదు. త్రివిక్రముడు మొదట వామనుడుగానే వచ్చాడు.

చివరి ఘట్టంలో అడిగిన వస్తువే మారిపోయింది. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 జనవరి 4న తీర్పు చెబుతూ, రెండేళ్ళలోగా రక్తం అమ్ముకునే పద్ధతిని అంతం చేయాలని ఆదేశించింది. 1998 జనవరి నుంచి డబ్బు తీసుకుని రక్తమివ్వడం నిషిద్ధమయింది. అంతవరకు ఆసుపత్రులు ఆధారపడిన ‘దాతల్లో’ పేదరికంవల్ల నెత్తురు అమ్ముకున్నవారు ఎందరో. ఆ దారి మూసుకుపోతే ఉచితంగా ఇచ్చేవారిని వెతకాలి. రక్తమిస్తే నీరసిస్తామన్న భయం బలంగా ఉన్న సమాజంలో అది తేలికైన పని కాదు. ఆ సంవత్సరమే, అక్టోబరు 2న, చిరంజీవి తన పేరిట ధర్మసంస్థను నెలకొల్పాడు. హైదరాబాదులో రక్తనిధి, నేత్రనిధి దాని ఆధ్వర్యంలో నడిచాయి. ఇరవై ఏళ్ళ కిందట ‘ప్రాణం ఖరీదు’తో తెరకు పరిచయమైన నటుడు, ప్రాణానికి ఖరీదు కట్టడం చట్టవిరుద్ధమైన సంవత్సరంలో ఈ పని చేపట్టడం కాకతాళీయమే. పరిశోధకుడు దాని మీద ఏమీ నిర్మించకూడదు, గమనించి ఊరుకుంటే చాలు.

నిర్మించదగినది మరొకటి ఉంది. కోరిన వెంటనే కదిలివచ్చే ఆరోగ్యవంతులైన యువకుల బలగం అప్పటికి ఒక్క అభిమాన సంఘాల వద్దే ఉంది. ఆ సంఘాలను అధ్యయనం చేసిన ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకుల కృషివల్ల, అభిమానాన్ని వట్టి పిచ్చిగా కొట్టివేయడం ఇప్పుడు సాధ్యం కాదు. థియేటరు ముందు కటౌట్లు కట్టడం, పాలాభిషేకాలు, ప్రత్యర్థి నటుడి అభిమానులతో తగాదాలు, ఇవన్నీ పెద్దలు ఈసడించే పనులు. రక్తదాన శిబిరం ఆ యువకుడికి ఊళ్ళో ఒక మర్యాద ఇచ్చింది. ఆగస్టు 22న, నటుడి పుట్టినరోజున, అంతకుముందు బాణసంచాకు పోయిన ఉత్సాహంలో కొంత శిబిరానికి మళ్ళింది.

భాష ఈ మార్పును పట్టి ఇస్తుంది. డబ్బు విషయంలో తెలుగువారు విరాళమన్నారు, చందా అన్నారు, నిధి అన్నారు. దానమన్న మాట అన్నదానం వంటి పాత పుణ్యకార్యాలకే ఎక్కువగా పరిమితమయింది. రక్తం విషయంలో మాత్రం ‘రక్తదానం’ అన్నారు. కన్నుల విషయంలో ‘నేత్రదానం’ అన్నారు. శిబి మాంసమిచ్చాడు, కర్ణుడు ఒంటినంటిపెట్టుకున్న కవచాన్ని కోసి ఇచ్చాడు. శరీరంనుంచి తీసి ఇచ్చేదానికి దానమన్న మాట దానంతటదే తిరిగివచ్చింది. అంటే 1977లో నటుడు తెరమీద ధరించిన పాత్ర 1998 నాటికి అభిమానికి దక్కింది. నటుడు అడిగే ఇంద్రుడుగా మిగిలాడు.

‘రక్తసంబంధం’ అంటే తెలుగులో చుట్టరికమే. 1962లో రామారావు, సావిత్రి అన్నాచెల్లెళ్ళుగా నటించిన చిత్రానికీ అదే పేరు. నెత్తురు కులానికీ గోత్రానికీ గుర్తుగా ఉన్న భాషలో, గుర్తు తెలియని మనిషికి నెత్తురివ్వడం ఆ పదం అర్థాన్ని సడలించే పని. అభిమాన సంఘాలు కులం గీతలు దాటినవని చెప్పలేము, కొన్ని ఆ గీతల వెంటనే ఏర్పడినవి. అయినా ఆ సంఘం వాడు ఇచ్చిన నెత్తురు శీతలపేటికలో చేరిన తరువాత ఆ గీతలకు కట్టుబడదు. అక్కడ దానికున్న విభజన గ్రూపులదే.

2008 ఆగస్టు 26న తిరుపతిలో ప్రజారాజ్యం ఆవిర్భవించింది, 2011లో కాంగ్రెసులో కలిసిపోయింది. వామనుడి కథ రెండవసారి పూర్తిగా నడవలేదు. కాని పార్టీ పోయిన తరువాత కూడా రక్తనిధి పని సాగింది. రాజకీయ ప్రయోజనం కోసమే సేవ అన్న విమర్శను ఈ ఒక్క వాస్తవం పూర్తిగా తోసిపుచ్చదు గాని, దాన్ని అంత తేలికగా చేయనివ్వదు.

ఈ చరిత్రకు కావలసిన ఆధారాలు నటుల జీవితచరిత్రల్లో తక్కువ. కరువు నిధి రసీదు పుస్తకాల్లో, పాత పత్రికల మూడో పుటలోని విరాళాల జాబితాల్లో, అభిమాన సంఘాల కరపత్రాల్లో, శిబిరాల నమోదు పట్టీల్లో అవి ఉంటాయి. శిబిరం కట్టిన వీధిలో నటుడి చిత్రం, దాని కింద నిర్వాహకుల ఛాయాచిత్రాలు ఉంటాయి. లోపల బల్లమీద పడుకున్నవాడి పేరు ఒక పుస్తకంలోకి ఎక్కుతుంది. అతని నుంచి తీసిన సంచిమీద గ్రూపు, అంకె, తేదీ వేస్తారు. పుచ్చుకున్నవాడికి ఆ పేరు ఎప్పటికీ తెలియదు.