బిర్జిన్ని మట్టి చెప్పిన సాక్ష్యం

ఇరాన్-ఇరాక్ యుద్ధంలో తుపాకులు ఆగి అప్పటికి ఐదు రోజులే. 1988 ఆగస్టు 25న ఉత్తర ఇరాక్‌లో కొండల నడుమ ఉన్న బిర్జిన్ని అనే కుర్దుల పల్లె మీద ఇరాకీ విమానాలు బాంబులు వేశాయి. అన్ఫాల్ పేరుతో కుర్దు పల్లెలను తుడిచిపెట్టే దాడుల్లో అది చివరి విడత. ప్రాణాలతో టర్కీ సరిహద్దు దాటినవాళ్లు తమను కలిసినవాళ్లందరికీ విషవాయువు గురించి చెప్పారు. బాగ్దాద్ ఒప్పుకోలేదు. ఐక్యరాజ్యసమితి నిపుణులు వచ్చి చూస్తామంటే రానివ్వలేదు. యుద్ధంలో విషవాయువు వాడకాన్ని నిషేధించిన 1925 జెనీవా ఒప్పందంలో ఇరాక్ 1931లోనే చేరింది. అందుకే ఆ ప్రభుత్వానికి ఒప్పుకోవడమంటే అంత భయం.

1991 గల్ఫ్ యుద్ధం తర్వాత ఆ ప్రాంతం మీద బాగ్దాద్ పట్టు సడలింది. 1992 జూన్‌లో రెండు మానవహక్కుల సంస్థలు, ఫిజీషియన్స్ ఫర్ హ్యూమన్ రైట్స్, మిడిల్ ఈస్ట్ వాచ్, కలిసి ఒక బృందాన్ని పంపాయి. అర్జెంటీనాలో సైనిక పాలకులు మాయం చేసినవారి ఎముకలను గుర్తించిన క్లైడ్ స్నో అందులో ఉన్నారు. ఊరివాళ్లు చూపిన బాంబు గోతుల్లోంచి మట్టి తీశారు. లోహపు ముక్కలు ఏరారు. సమాధుల్లోంచి బట్టల పీలికలు, మట్టి సేకరించారు.

అయితే దాడి జరిగి అప్పటికి దాదాపు నాలుగేళ్లు. ఎన్నో వానలు, మంచు, ఎండలు గడిచాయి. ఆ దాడిలో వాడారని అనుమానించిన నరాల విషం సారిన్ నీళ్లంత తేలిగ్గా ఆవిరైపోతుంది. తడి తగిలితే విరిగిపోతుంది. ఇంకేం మిగిలి ఉంటుంది?

మిగిలేది దాని శకలం. సారిన్ అణువులోంచి ముందు ఫ్లోరిన్ ఊడిపోతుంది. అప్పుడు ఐసోప్రొపైల్ మిథైల్‌ఫాస్ఫోనిక్ ఆమ్లం తయారవుతుంది. అది కూడా మెల్లగా విరిగితే మిథైల్‌ఫాస్ఫోనిక్ ఆమ్లం మిగులుతుంది. ఇక్కడే అసలు విషయం ఉంది. మన పత్తి చేలలో కొట్టిన మోనోక్రోటోఫాస్ కూడా భాస్వర విషమే, సారిన్‌లాగే నరాల మీదే దెబ్బతీస్తుంది. సారిన్‌ను కూడా 1938లో జర్మనీ రసాయనవేత్తలు పురుగుమందుల కోసం వెతుకుతూనే తయారుచేశారు. మరి మట్టిలో దొరికింది పురుగుమందు కాదని ఎలా చెప్పడం? మోనోక్రోటోఫాస్‌లో భాస్వరానికీ మిథైల్‌కూ మధ్య ఆక్సిజన్ ఉంటుంది. సారిన్‌లో మిథైల్ నేరుగా భాస్వరాన్ని పట్టుకుని ఉంటుంది. ఆ బంధం వానకూ ఎండకూ అంత తేలిగ్గా తెగదు. పైగా దాని పక్కన ఐసోప్రొపైల్ కూడా కనిపిస్తే, అది సారిన్ వేలిముద్రే.

నమూనాలు ఇంగ్లండ్‌లోని పోర్టన్ డౌన్ ప్రయోగశాలకు చేరాయి. ఈ ఆమ్లాలు మామూలుగా ఆవిరి కావు కాబట్టి, ముందు వాటిని ఆవిరయ్యే రూపంలోకి మార్చి గ్యాస్ క్రొమటోగ్రఫీతో విడదీశారు. తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్‌తో బరువును బట్టి గుర్తుపట్టారు. కొన్ని నమూనాల్లో ఉన్నది వందకోట్ల భాగాల్లో కొన్ని భాగాలే. అందుకే ఒక పద్ధతితో దొరికినదాన్ని ఇంకో పద్ధతితో మళ్లీ పరీక్షించారు.

ఆరు మట్టి నమూనాల్లో మస్టర్డ్ వాయువనే మరో యుద్ధ విషమో, అది విరిగితే వచ్చే పదార్థమో ఉంది. వేరే ఆరింటిలో సారిన్ శకలాలు ఉన్నాయి. రంగు పూసిన ఒక లోహపు ముక్క మీద మాత్రం విరగని సారినే లేశమాత్రంగా దొరికింది. నాలుగేళ్ల తర్వాత!

1993 ఏప్రిల్‌లో ఫలితాలు బయటపెట్టారు. దాడి జరిగిన నేల నుంచి తెచ్చిన నమూనాల్లో నరాల విషం జాడను తిరుగులేకుండా గుర్తించి నమోదు చేయడం అదే మొదలు. 2013లో సిరియాలోని గూటా మీద దాడి జరిగినప్పుడు ఐక్యరాజ్యసమితి బృందం తెచ్చిన నమూనాల్లోనూ సారిన్‌నూ, దాని శకలాలనూ ఇలాగే పట్టుకున్నారు.

నాకు ఈ కథలో మింగుడుపడనిది ఒకటుంది. బిర్జిన్ని మనుషులు మొదటి రోజు నుంచీ నిజమే చెప్పారు. వాళ్ల మాటకు విలువ రావడానికి యంత్రం సాక్ష్యం కావలసివచ్చింది. అయినా ఆ సాక్ష్యం అవసరమే. హంతకుడు కాదని బుకాయించినప్పుడు బాధితుల పక్షాన నిలిచేది అదే.

2006లో బాగ్దాద్‌లో అన్ఫాల్ విచారణ జరిగినప్పుడు స్నో కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. ఆ దాడులు నడిపించిన అలీ హసన్ అల్ మజీద్‌కు 2007 జూన్‌లో మరణశిక్ష పడింది.