పెండ్లి పట్టీ: మా బళ్ళారి ఇండ్లల్లో జవళి, బంగారం, వాటి మాటలు

మా అమ్మాయి పెండ్లి కుదిరినాక ఇంట్లో మొదలైన మొదటి పని పట్టీ రాయడం. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేసినవాణ్ణి, లెక్కలంటే నాకే అప్పజెప్తారు. పెన్ను, గీతల పుస్తకం తీసుకుని కూర్చున్నాను. పైన "జవళి" అని రాశాను. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి చూసి "జవళి ఏంది నాన్నా, షాపింగ్ అని రాయొచ్చు కదా" అనింది. మా అక్క పక్కనే వక్కలు కత్తిరిస్తా ఉండింది. డెబ్బై దాటిన మనిషి. తల ఎత్తకుండా ఒక మాట అడిగింది: "పట్టీ రాస్తాండావు సరే. ఎవురి పేరు మీద రాస్తాండావు?"

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే ముందు కొన్ని మాటల సంగతి చెప్పాల.

"జవళి" నుంచే మొదలుపెడతాను. కన్నడంలో బట్టల అంగడిని "జవళి అంగడి" అంటారు. పెండ్లి బట్టలు కొనడాన్ని మా ఇండ్లల్లో "జవళి తీయడం" అంటాం. చాలామంది ఇది కన్నడం నుంచి మనం తెచ్చుకున్న మాట అనుకుంటారు. కానీ ఆంధ్ర, తెలంగాణ సర్కారు కాగితాల మీద చూడండి, "చేనేత, జౌళి శాఖ" అని ఉంటుంది. అదే మాట. అక్కడ అది ఆఫీసు బోర్డు మీదికి పోయింది, మా దగ్గర ఇంట్లోనే ఉండిపోయింది. అట్లే చీర, సీరె. మనం "చ" అన్నచోట కన్నడం చాలా మాటల్లో "స" అంటుంది: చావు, సావు, చెరగు, సెరగు. ఈ పొద్దు తెలుగులో "కొంగు", "పైట" అనేవాళ్ళే ఎక్కువ, చెరగు అనేవాళ్ళు తక్కువ. మా అమ్మ మాత్రం ఇల్కల్ చీర చూస్తే ముందు చెరగే పట్టుకుని చూసేది. ఇల్కల్ చీరలో ఒడలు నూలైనా చెరగు ఎర్ర పట్టుతో నేస్తారు, దాని అందమంతా అక్కడే.

మా పెండ్లి జవళికి మూడు దిక్కులు. వడమటి దిక్కు నుంచి ఇల్కల్ చీరలు, గుళేదగుడ్డ ఖణం రవికె గుడ్డలు. దక్షిణాన రాయదుర్గం దాటితే మొలకాల్మూరు పట్టు. ఇంకో పక్క ధర్మవరం పట్టు. ముహూర్తం చీర ధర్మవరమా, మొలకాల్మూరా అని వాదులాడని పెండ్లిల్లు మా వీధిలో నాకు తెలిసి లేదు.

ఇప్పుడు కొంచెం చరిత్ర. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి అప్పగించినాడు. దత్తమండలాలన్నారు. ఆనాటి బళ్ళారి జిల్లా చాలా పెద్దది, 1882లో విడిపోయేదాకా అనంతపురం కూడా ఇందులోనే. 1823లో ఇక్కడి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ జిల్లాలోని బడుల లెక్క పైకి పంపినాడు. ఈయనే 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు అచ్చువేసినాడు. ఆయన లెక్కలో మొత్తం 533 బడులు. కన్నడం బడులు 235, తెలుగు బడులు 226. దాదాపు సరిసమానం. మనది ఏ భాష జిల్లా అని ఇప్పటికీ కొట్లాడుకునేవాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాల.

నేను చెప్పదలచింది మాత్రం ఇంకో అంకె. ఆ బడుల్లో చదివే పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60.

అంటే మా అవ్వల అవ్వలు పట్టీ రాయలేదు. రాయలేరు. వాళ్ళ పట్టీ నోట్లో ఉండేది. ఆడపిల్లకు ఏమేమి పెట్టినారో తల నుంచి మొదలుపెట్టి కాలి వేళ్ళ దాకా వరసగా చెప్పేవాళ్ళు. వరస తప్పితే వస్తువు తప్పినట్టే, మళ్ళీ తల నుంచి మొదలు. మా అమ్మకు ఆ విద్య వచ్చు. ఇంట్లో ఎప్పుడూ వినబడేది: తలకు జడబిళ్ళ, చెవులకు కమ్మలు, ముక్కుకు ముక్కుపుడక, మెడకు కాసులసరం, చేతికి గాజులు, నడుముకు డాబు, కాళ్ళకు పట్టీలు, వేళ్ళకు మెట్టెలు. నేను చిన్నప్పుడు కాగితం మీది పట్టీ, కాళ్ళ పట్టీ ఒకటే అనుకునేవాణ్ణి.

ఈ వరసలోనే రెండు భాషలు కలిసిపోయి ఉన్నాయి చూడండి. కోస్తా వాళ్ళు "కాసులపేరు" అంటారు, మేము కన్నడం వాళ్ళ మాదిరి "సరం" అంటాం. వాళ్ళకు వడ్డాణం, మాకు డాబు. వాళ్ళకు మెట్టెలు, మా పక్కింటి కన్నడం వాళ్ళకు కాలుంగుర. అన్నిటికన్నా నాకు నచ్చింది కమ్మ. తెలుగులో కమ్మ అంటే తాటాకు, తాటాకు మీద రాసిన జాబు, చెవికి పెట్టుకునే నగ కూడా. కన్నడంలో "ఓలె" అంటారు. దానికీ ఈ మూడు అర్థాలే: తాటాకు, జాబు, చెవి నగ. ఒకప్పుడు చెవి రంధ్రంలో తాటాకు చుట్ట పెట్టుకునేవాళ్ళు, ఆ పేరే బంగారానికి వచ్చింది. రెండు భాషలూ వేరువేరు మాటలతో ఒకే దారిన నడిచినాయి. మగవాడి చేతిలో ఆ ఆకు దస్తావేజు అయింది, ఆడదాని చెవిలో నగ అయింది.

మా అమ్మ పుట్టిల్లు ఆలూరు తాలూకా. ఆమె పెండ్లినాటికి అది కూడా బళ్ళారి జిల్లానే, అంతా మద్రాసు రాజ్యమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి. మిగిలినవి మైసూరుకు వచ్చినాయి. బళ్ళారి తాలూకా ఎటు అని పెద్ద తగాదా నడిచి, మిశ్రా విచారణ తర్వాత అదీ మైసూరుకే వచ్చింది. అమ్మ ఎక్కడికీ కదలలేదు, కానీ పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఒక రాష్ట్రం అయింది. ఆ తర్వాత ఆలూరు నుంచి మామ తెచ్చేది "ఒడిబియ్యం". మా వీధిలో అదే పని "ఉడి తుంబోది". ఒడి అన్నా ఉడి అన్నా ఒకటే, ఆడదాని ఒడి. బియ్యం, కొబ్బరి గిన్నెలు, రవికె గుడ్డ, పసుపు కొమ్ములు నేరుగా ఆమె ఒడిలో పోస్తారు. అత్త చేతికో, మొగుడి చేతికో ఇవ్వరు.

మాటను బట్టి సొత్తు ఎవరిదో తెలిసేది అంటాను నేను. ఒడిలో పోసింది ఆమెది. "పసుపు కుంకుమ" కింద ఇచ్చిన చెలక ఆమెది. "ఓలి" అని ఒక మాట ఉండేది, కన్నడంలో "తెర". మగపెండ్లివాళ్ళు ఆడపిల్ల తరపుకు కట్టే సొమ్ము. కష్టపడి పనిచేసే కులాల్లో శానా కాలం అదే ఆచారం. బ్రౌను నిఘంటువులో కూడా ఆ మాట ఉంది. ఈ పొద్దు ఓలి అంటే మా అమ్మాయికి తెలీదు. సొమ్ము పోయే దిక్కు తిరగబడింది, మాట కూడా చచ్చిపోయింది. మిగిలింది కట్నం ఒక్కటే, అది ఎవరి చేతికి పోతుందో అందరికీ తెలుసు.

ఇంక మా అక్క సంగతి. ఆమె పెండ్లి 1976లో. మా నాయన పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు రాసేవాడు. అచ్చమైన మనిషి, పైసా తేడా రానీడు. ఆ పెండ్లి పద్దు పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. పైన "పెద్దమ్మాయి పెండ్లి ఖర్చు" అని ఉంటుంది. కింద వరసగా జవళి, పాత్రలు, పందిరి, వంటవాళ్ళు, బస్సు బాడిగ, బంగారం 8 తు. అంతే. ఏ నగ? ఎవరు పెట్టినారు? ఎవరిది? ఏమీ లేదు. నేను కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి నాకు అది ఇట్లా కనబడుతుంది: పందిరి ఖర్చు, బంగారం ఆస్తి. రెండూ ఒకే పద్దులో కలిపేసి కింద మొత్తం వేసినాడు.

కొన్నేళ్ళకు బావగారి ఊళ్ళో బావి ఎండింది. బోరు వేయాలని అక్క బంగారం అమ్మినారు. ఆమెను అడగలేదు, "ఇయ్యి" అన్నారు, ఇచ్చింది. 1991లో బావ పోయినాడు. అన్నదమ్ముల భాగాలు పంచేటప్పుడు "నా బంగారం పెట్టి వేసిన బోరు, దాని లెక్క కట్టండి" అని అక్క అడిగింది. పెద్దమనుషులు రుజువు అడిగినారు. నేను నాయన పుస్తకం తీసుకుపోయినాను. ఒకాయన చూసి అన్నాడు, "ఇది మీ నాయన ఖర్చు కదప్పా, ఆయమ్మ సొత్తు అని యాడుంది?"

అప్పుడు మా అమ్మ లేచింది. తల నుంచి మొదలుపెట్టింది. జడబిళ్ళ తన అమ్మది, కరిగించి చేయించింది. కమ్మలు ఆలూరు మామ పెట్టినవి. కాసులసరానికి ఎన్ని కాసులు, ఏ పండగకు ముందు ఏ ఆచారి చేసినాడు. గాజులు నాలుగు, రెండు పాతవి, రెండు కొత్తవి. ఒక్క వస్తువు తప్పలేదు. అందరూ మర్యాదగానే విన్నారు. విని "నోటి లెక్క అమ్మా, ఏం చేస్తాం" అన్నారు. కాగితం మీది పట్టీలో మాటలు లేవు. మాటలున్న పట్టీకి కాగితం లేదు. బంగారం లెక్కలోకి రాలేదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. అప్పటికి పదేళ్ళుగా బ్యాంకులో ఉన్నాను. బంగారం మీద అప్పుకు వచ్చేవాళ్ళ నగలు రోజూ తూకం వేయించేవాణ్ణి. మొగుడు సంతకం పెడతాడు, భార్య పక్కన నిలబడి ఉత్త మెడతో పోతుంది. నగ ఎవరిది అని నేను ఎన్నడూ ఆమెను అడగలేదు. ఫారం అడగలేదు, నేనూ అడగలేదు. చట్టం మాత్రం అప్పటికే వచ్చింది. 1961 వరకట్న నిషేధ చట్టం కింద 1985లో నియమాలు చేసినారు, ఆ సంవత్సరం అక్టోబరు 2 నుంచి అమలు. పెండ్లిలో ఇచ్చిన కానుకలకు పట్టీ రాయాల. వస్తువు ఏది, సుమారు వెల ఎంత, ఎవరు ఇచ్చినారు, ఏమి వరస. పెండ్లికూతురికి ఇచ్చినవాటి పట్టీ పెండ్లికూతురి దగ్గరే ఉండాల. ఇద్దరూ సంతకం పెట్టాల. సంతకం రాకపోతే చదివి వినిపించి వేలిముద్ర వేయించుకోవచ్చు. స్త్రీధనం పూర్తిగా ఆమెదే, మొగుడి ఇంట్లో ఉన్నంత మాత్రాన వాళ్ళది కాదని సుప్రీంకోర్టు చెప్పింది కూడా 1985లోనే. అక్క పెండ్లి అంతకుముందుది, నిజమే. కానీ ఆ పంచాయతీలో ఈ మాట చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, చెప్పలేదు. బీగరికం చెడుతుందని ఊరుకున్నాను.

అందుకే అక్క అడిగిన ప్రశ్నకు నాకు నోరు రాలేదు.

పాత పేజీ చించేసి కొత్తగా రాసినాను. పైన నా పేరు లేదు, ఖర్చు అన్న మాట లేదు. మా అమ్మాయి పేరు. పందిరి, వంట, మంటపం బాడిగ వేరే పుస్తకంలో, అవి నా ఖర్చు. ఈ పట్టీలో ఆమెవి మాత్రమే: వస్తువు, మా ఇంట్లో దాన్ని పిలిచే పేరు, బరువు, ఇచ్చినవాళ్ళు, వరస. బరువు గ్రాముల్లోనే రాయండి, తులాల్లో వద్దు. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు అందరూ తులమంటే 10 గ్రాములే అనుకుంటారు. నాయన రాసిన "8 తు." పాత లెక్కన 93 గ్రాములు, కొత్త లెక్కన 80. ఆ ఒక్క పొడి అక్షరంలో 13 గ్రాముల తేడా ఉంది. రసీదుల నకళ్ళు, నగల ఫోటోలు కూడా పట్టీకి జతచేసినాను.

వరుస కూడా అమ్మ చెప్పినట్టే, తల నుంచి కాళ్ళ దాకా.

పెండ్లికొడుకు వాళ్ళది హొసపేట, ఇంట్లో కన్నడం. ఈ పట్టీ చూస్తే ఏమనుకుంటారో అని నాకు లోపల భయమే. నిశ్చితార్థం అయినాక చూపించినాను. ఆ అబ్బాయి తల్లి కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చదివింది, ఆమెకు తెలుగు చదవడం వచ్చు. ఒకచోట ఆగి పెన్ను అడిగింది. "కమ్మలు" పక్కన కన్నడ అక్షరాల్లో "ఓలె" అని రాసింది. "నమ్మ మనెయల్లి హీగె అంతీవి" అనింది, మా ఇంట్లో ఇట్లా అంటాం అని. తర్వాత పేజీ తిప్పి తాను పెట్టబోయే బోరమాళ కూడా అందులోనే రాసి, ఇచ్చినవారు అన్నచోట తన పేరు, వరస అన్నచోట "అత్తె" అని రాసింది.

ఆ రాత్రి అక్క మళ్ళీ నా దగ్గరికి వచ్చి కూర్చునింది. "ఆ పుస్తకంలో ఇంకా పేజీలు ఉండాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. "అయితే నాది కూడా రాయి" అనింది.

ఆ బంగారం పోయి నలభై ఏళ్ళు కావస్తోంది. అయినా రాసినాను. ఆమె చెప్తా పోయింది, జడబిళ్ళ దగ్గర మొదలుపెట్టి. రెండుసార్లు వరస తప్పి మళ్ళీ తల నుంచి వచ్చింది. కింద సంతకం పెట్టింది, తారీఖు వేసింది. నేను సాక్షిగా సంతకం పెట్టినాను.

మీ ఇండ్లల్లో అమ్మ, అవ్వ, అత్త ఉంటే ఒక సాయంత్రం కూర్చోబెట్టి తల నుంచి కాళ్ళ దాకా చెప్పించుకోండి. వాళ్ళు ఏ మాట అంటే ఆ మాటే రాయండి, డాబును వడ్డాణంగా దిద్దొద్దు. ఇప్పుడు పెండ్లి కుదిరిన ఆడపిల్ల ఉంటే ఆమె పేరు పైన రాసి పట్టీ ఆమె చేతికి ఇవ్వండి. మీ వైపు సరానికి, డాబుకు, కమ్మకు వేరే పేర్లు ఉంటే నాకు కూడా తెలపండి, ఆదోని వైపు, సిరుగుప్ప వైపు మాటలు నేను ఇంకా ఏరుతూనే ఉన్నాను.