నేలయే పెట్టుబడి : అలాస్కా ఆదిమవాసుల పొత్తు

మన పల్లెలలో పొత్తు వ్యవసాయము ఎరుగనివారుండరు. ఒకరిది నేల, ఒకరివి ఎడ్లు, ఒకరిది కష్టము. పంట కల్లమునకు వచ్చిన దినమున పాళ్ళు తీయుదురు. ఆ పంపకములో నేల గలవాని మాటకున్న బరువు కూలికి వచ్చినవాని మాటకుండదు. గనులు, చమురు, విద్యుచ్ఛక్తి మొదలగు పెద్ద పరిశ్రమలలోను ఇదే న్యాయము నడచుచున్నది. తరతరములుగా కొండలను, అడవులను నమ్ముకొని బ్రతికిన ఆదిమజాతులవారు ఈ పరిశ్రమలలో కూలివారుగా మిగిలిరా, పాలివారుగా నిలిచిరా అనునది, ఆ నేల ఎవరిదని శాసనము చెప్పినదో దానిపై ఆధారపడియున్నది. ఇందులకు అలాస్కా చరిత్ర మంచి నిదర్శనము. తాతముత్తాతల ఊరు విడిచివచ్చి ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మన కుటుంబములవారు ప్రత్యేకముగా ఆలోచింపదగిన ఘట్టమొకటి అందు కలదు గనుక ఆ చరిత్రను ఇచ్చట ముచ్చటించుచున్నాము.

అలాస్కా ఉత్తర అమెరికా ఖండమున వాయవ్యపు కొసనున్న మంచుదేశము. రష్యా ప్రభుత్వము 1867లో దానిని 72 లక్షల డాలర్లకు అమెరికా సంయుక్త రాష్ట్రములకు విక్రయించెను. ఆ నేలపై వేటాడి, చేపలు పట్టి జీవించుచుండిన ఇనుపియాట్, యూపిక్, అథాబాస్కన్, త్లింగిట్ మున్నగు జాతులవారిని అడిగినవారు లేరు. 1959లో అలాస్కా రాష్ట్ర ప్రతిపత్తిని పొందెను. కొత్త రాష్ట్రము తనకు కావలసిన భూములను ఎన్నుకొనసాగినప్పుడు ఆదిమవాసులు తమ హక్కునకై నిలిచిరి. 1966లో వారి సంఘములు ఒక సమాఖ్యగా ఏర్పడెను. ఆ సంవత్సరమే కేంద్రమున భూముల వ్యవహారములు చూచు శాఖాధిపతి స్టూవర్ట్ ఉడాల్, తగవు తీరువరకు భూముల బదిలీని నిలిపివేసెను. 1968లో ఉత్తర తీరమున ప్రుడో అఖాతము చెంత గొప్ప చమురు నిధి బయల్పడెను. ఆ చమురును దక్షిణపు రేవునకు చేర్చుటకు 800 మైళ్ళ గొట్టపుదారి వేయవలెను. భూమి తగవు తీరనిదే ఆ పని సాగదు. అంతవరకు అర్జీలుగా పడియున్న కోరికలకు అప్పుడు బలము చేకూరెను.

1971 డిసెంబరు 18వ తేదీన అధ్యక్షుడు నిక్సన్ సంతకముతో పరిష్కార శాసనము అమలులోనికి వచ్చెను. ఆదిమవాసుల పూర్వపు భూస్వత్వమును, వేట హక్కులను ఆ శాసనము రద్దుపరచెను. బదులుగా 4 కోట్ల 40 లక్షల ఎకరముల భూమిని, 96 కోట్ల 25 లక్షల డాలర్ల ధనమును వారికిచ్చెను. ఈ ఆస్తి జాతిపెద్దల చేతికి రాలేదు. 12 ప్రాంతీయ సంస్థలు, 200కు పైగా గ్రామ సంస్థలు కంపెనీల పద్ధతిపై స్థాపింపబడెను. పైనేల గ్రామ సంస్థలకు, భూగర్భ సంపద ప్రాంతీయ సంస్థలకు చెందెను. ఆనాటికి జీవించియుండి పట్టీలో పేరు వ్రాయించుకొనిన ప్రతి ఆదిమవాసికిని నూరేసి వాటాలు లభించెను. అంతవరకు సీలును వేటాడినవారు, దుప్పిని తరిమినవారు ఇప్పుడు కంపెనీ వాటాదారులైరి.

వాయవ్య అలాస్కాలోని ఇనుపియాట్ జాతివారి ప్రాంతీయ సంస్థ పేరు నానా. 11 గ్రామములు దాని పరిధిలోనివి. వానిలో పెద్దదైన కోట్జెబ్యూకు ఉత్తరమున సుమారు 90 మైళ్ళ దూరములో, డీలాంగ్ పర్వతములందు, ఒక వాగు రంగు మారి ప్రవహించుచుండెను. విమానచోదకుడొకడు ఆ వింతను పైనుండి కనిపెట్టెను. అతని కుక్క పేరు మీదనే ఆ వాగునకు రెడ్ డాగ్ అను పేరు వచ్చెను. 1970లో భూగర్భ శాస్త్రజ్ఞులు అచ్చటి లోహపు జాడలను ప్రకటించిరి. నానా సంస్థ ఆ స్థలమును తన వంతు భూములలో చేర్చుకొనెను. తవ్వుటకు వలసిన ధనముగాని నైపుణ్యముగాని దానికి లేవు. అయినను నేలను అమ్ముకొనక, 1982లో కొమింకో అను కెనడా కంపెనీతో ఒడంబడిక చేసికొనెను. 1989లో గని పని మొదలయ్యెను. ప్రపంచములోని అతి పెద్ద జింకు గనులలో అది యొకటి. కొమింకో 2001లో టెక్ సంస్థలో విలీనమయ్యెను.

ఈ ఒడంబడిక షరతులు గమనింపదగినవి. గని తవ్వునది కంపెనీ, నేల నానాది. పెట్టుబడి తిరిగి వచ్చువరకు నానాకు లోహపు రాబడిపై నూటికి నాలుగున్నర పాళ్ళు. 2007 నుండి నికర లాభములో నూటికి 25 పాళ్ళు. అది ఐదేండ్లకొకమారు 5 పాళ్ళు పెరిగి, తుదకు సగపాలగును. గని చెంత పట్టణము వెలయలేదు. పనివారు విమానములలో వచ్చి, తమ వంతు పని ముగించి ఇండ్లకు మరలుదురు. నోటాక్, కివలీనా గ్రామముల పెద్దలతో ఒక సలహా సంఘము ఏర్పడెను. కారిబూ అను దుప్పుల మందలు వలస సాగునప్పుడు గని బాటపై లారీలను నిలుపుదురు.

ఇంతమాత్రమున అంతయు మేలే జరిగినదనుట తగదు. క్రమముగా కొలువులన్నియు నానా వాటాదారులకే దక్కవలెనను లక్ష్యము పూర్తిగా నెరవేరలేదు. తమకు త్రాగునీరిచ్చు నదిలో గని నీరు కలియుచున్నదని కివలీనా గ్రామస్థులు కొందరు 2004లో న్యాయస్థానమునకెక్కిరి. 2008లో రాజీ కుదిరెను. లాభములో పాలు పుచ్చుకొనునదియు, నీటికై వాదించునదియు ఒకే జనమైరి. పొత్తులోని చిక్కును దీనివలన గ్రహింపవచ్చును.

1971 శాసనములో మరియొక విశేషము కలదు. ప్రాంతీయ సంస్థలు భూగర్భ సంపదపైని, కలపపైని ఆర్జించు రాబడిలో నూటికి 70 పాళ్ళను 12 సంస్థలును జనసంఖ్యననుసరించి పంచుకొనవలెను. లెక్కలపై ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడచి 1982లో సమాధానము కుదిరెను. అందుచేత రెడ్ డాగ్ ఫలము గనిలేని ప్రాంతములకును చేరుచున్నది.

ఇట్టి ప్రశ్న మన తెలుగునాటను తలయెత్తినది. విశాఖ మన్యములోని బొర్రా గుహల పరిసరమున గిరిజనేతరులకిచ్చిన గనుల కౌళ్ళు చెల్లవని 1997లో సమత కేసునందు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. గనిలాభములో కనీసము నూటికి 20 పాళ్ళు గిరిజనుల అభివృద్ధికై శాశ్వతనిధిగా ఉంచవలెనని కూడ అందు నిర్దేశించెను. 2013లో ఒడిశాలోని నియమగిరిపై 12 గ్రామసభలు తవ్వకము వలదని తీర్మానించెను. వలదనుటకు హక్కు గలవానితోనే పొత్తు కుదురును. ఆ హక్కు లేనివానికి దక్కునది పాలు కాదు, పరిహారము మాత్రమే.

ఇక మేము మొదట సూచించిన ఘట్టము. 1971 నాటికే వేలకొలది ఆదిమవాసులు బ్రతుకుతెరువునకై అలాస్కా విడిచి ఇతర రాష్ట్రములలో స్థిరపడియుండిరి. వారికొరకు 1975లో పదమూడవ సంస్థ ఏర్పడెను. దానికి ధనములో వంతు దక్కెను గాని ఒక్క ఎకరమైన దక్కలేదు. 70 పాళ్ళ పంపకములోను చోటు లేకపోయెను. తొలినాళ్ళలో ఇతర సంస్థలును కొన్ని వ్యాపారములలో నష్టపడెను. వానికి వెనుక నేల ఉండెను, తోటి సంస్థల పాలు ఉండెను. పదమూడవదానికి ఈ రెండును లేవు. 2013లో ఆ సంస్థ రద్దయ్యెను.

పుట్టినచోటనే ఉన్నవారికిని ఒక పరీక్ష వచ్చెను. శాసనము నాటికి పుట్టనివారికి స్వంతముగా వాటా లేదు. పెద్దలు ఇచ్చినగాని, వారి అనంతరము సంక్రమించినగాని పిల్లలకు చేరదు. పైగా 1991 తరువాత వాటాలను ఎవరికైనను అమ్ముకొనవచ్చునని మొదటి నిబంధన. థామస్ బెర్జర్ అను కెనడా న్యాయవేత్త 1983 మొదలు గ్రామగ్రామము తిరిగి విచారింపగా, ఈ మార్గమున నేల చేజారునను భయమే ఎల్లెడల వినవచ్చెను. 1988లో శాసనము సవరింపబడెను. వాటాదారులు కోరిననే తప్ప అమ్మకము లేదు. వాటాదారులు సమ్మతించినచో 1971 తరువాత పుట్టినవారికిని కొత్త వాటాలీయవచ్చును. నానా వాటాదారులు అందులకు సమ్మతించిరి. తమకు వచ్చు పాలు తగ్గునని ఎరిగియు పిల్లల పేర్లు పట్టీలో చేర్చిరి.

హోసూరు, మదురై, బళ్ళారి, బరంపురము, షోలాపురములలోని మన కుటుంబములకు పంచుకొనుటకు గనులు లేవు. సంఘము స్థలమో, గ్రంథాలయమో, చిన్న సత్రమో ఉన్నచో అదియే మన ఉమ్మడి నేల. ఆ సంఘముల సభ్యత్వ పట్టీలను ఒక్కమారు తెరచి చూడవలెనని మా మనవి. అందు తాతల పేర్లే మిగిలియుండి, ఇచ్చటనే పుట్టి పెరిగిన మనుమల పేర్లు లేనిచో, వాటిని చేర్చు పని ఈ సంవత్సరమే చేయదగియున్నది.