పడమటి డెల్టాలో గట్టుచెట్లు

పిట్టలవానిపాలెము మండలములోని చందవోలు 12వ శతాబ్దిలో వెలనాటి చోడులకు రాజధానియై వెలసిన ఊరు. అయినను నేడు ఆ ఊరి చుట్టును కనుచూపు మేర పరచుకొనియున్న మాగాణి ఆ రాజులెరిగినది గాదు. అది వారి తరువాత సుమారు ఏడు శతాబ్దములకు, కాటన్ దొర పట్టుదల వలనను, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణము వలనను బెజవాడవద్ద 1852లో ఆరంభమై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట మూలమున ఏర్పడినది. అంతకు పూర్వము వానమీద ఆధారపడిన ఈ సీమ ఎట్టిదో 1832-33 నాటి డొక్కల కరువు చెప్పును. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనముండగా లక్షన్నర మొదలు రెండు లక్షలవరకు నశించిరని ఆనాటి లెక్క.

ఆనకట్టను గూర్చి వ్రాసినవారు తూములను, లాకులను, శిస్తును లెక్కించిరి గాని, కాలువతో పాటు పుట్టిన గట్టును, గట్టుపై నిలిచిన చెట్టును అంతగా పట్టించుకొనలేదు. సీతానగరము వద్ద బయలుదేరిన నీరు దుగ్గిరాల వద్ద చీలి, ఒకవంక నిజాంపట్నము వైపునకును, మరియొకవంక కొమ్మమూరు కాలువయై పెదగంజాము దిక్కునకును సాగి, అచట బకింగుహాము కాలువతో కలిసి చెన్నపట్టణమువరకు పడవలకు దారి యిచ్చినది. నదికి దూరముగా నున్న పల్లెలకు సైతము ఆ విధముగా ఏటియొడ్డు లభించినది.

ఆ ఒడ్డున మొదట చెప్పదగినది నల్లతుమ్మ. నెలల తరబడి మొదట నీరు నిలిచినను చావక, ఉప్పుదేరిన నేలలో సైతము నిలదొక్కుకొని, కాయలు మేసిన మేకల కడుపులోనుండి వెలువడిన గింజలతోనే వంశమును వృద్ధిచేసికొను ఈ చెట్టును నాటువారు అరుదు, కొట్టువారు మెండు. కొట్టిన దుంగను నెలల కొలది చెరువునీట నానవేసి, పురుగు పట్టదని నమ్మిక కుదిరిన పిమ్మట వడ్రంగి దానిని నాగలిగను, కాడిగను, బండిచక్రపు ఆకులుగను చెక్కుచుండెను. అందులకు కూలి రొక్కముగా గాక, కళ్లము మీద ధాన్యపు మేరగా ముట్టుచుండెను. బెరడు తోళ్లు పదును చేయువారికి, బంక మందులకు, ముండ్లకొమ్మలు దొడ్డికంపకు, చిన్నపుల్ల తెల్లవారగనే పండ్లు తోముటకు! ఇంత ఉపకారియైన చెట్టును పురాణము చెప్పువారు మర్రికిని రావికిని ఇచ్చిన గౌరవములో పాతికవంతైనను ఈయకపోవుట నాకు ఎన్నడును న్యాయముగా తోచలేదు.

తాడి తీరు వేరు. దాని నీడ పలుచన గనుక వరిచేను గట్టుననే నిలువనిచ్చిరి. ముదిరిన మాను దూలములై, వాసములై ఇంటిని మోసెను. ఆకు కప్పును కప్పెను. అడుగున ఉబ్బిన మొదలు గల మాను నడిమికి చీలి, లోగుజ్జు తొలచబడి, వరదకాలమున కాలువ దాటించు తాటిదోనె యయ్యెను. వేసవిలో ముంజలు, చలికాలమున తేగలు పిల్లల పాలు. కల్లు మాత్రము గీతగాని జీవనము. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట అమలైన మద్యనిషేధము ఆ జీవనమును కుదిపివేయగా, కొందరు తాటిబెల్లమునకు మరలిరి.

కానుగ ఆకు దమ్ముచేలో త్రొక్కు ఎరువు, దాని గింజలనూనె దీపమునకు. పిల్లిపెసర, జనుము కోతల తరువాతి పొలములో పశుగ్రాసమును, పచ్చిరొట్ట ఎరువును అయినందున కానుగకొమ్మపై భారము కొంత తగ్గినది.

తుమ్మయు, చింతయు మన సొత్తే యని మనము భావింతుము గాని, తూర్పు ఆఫ్రికాలో సోమాలీ ప్రజలు జొన్న, మొక్కజొన్న సాగుచేయు షబెల్లె, జూబా నదుల దరులందును ఈ రెండు చెట్లు సహజముగా పెరుగును. చింతకు ఆఫ్రికాయే పుట్టినిల్లని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము. అచటి గట్టులను నేడు ఆక్రమించుచున్నదియు, మన కాలువగట్టులను ముసరుకొన్నదియు ఒకే పరదేశి: మధ్య అమెరికా ప్రాంతమునుండి వచ్చిన సర్కారుతుమ్మ.

పాత చెట్లు ఎట్లు తరిగెనని యడిగిన, పలువురు గొడ్డలిని నిందింతురు. గొడ్డలి పూర్వమును ఉండెను. అయినను నాగలికి మరల కొయ్య కావలసియున్నంతకాలము రైతు గట్టున ఒక మొక్కను వదలుచుండెను. ట్రాక్టరు వచ్చి నాగలిని, రబ్బరుచక్రము వచ్చి కొయ్యచక్రమును, సిమెంటు కప్పు వచ్చి తాటిదూలమును తొలగించిన పిమ్మట గట్టుచెట్టు రైతుకు వట్టి నీడయే అయినది. నీడ వరికి శత్రువు గదా! 1986లో బాపట్ల పరిశోధన క్షేత్రమునుండి సాంబమసూరి వెలువడి సన్నబియ్యమునకు గిరాకి పెరిగిన తరువాత సెంటు నేలకును విలువ హెచ్చి, గట్టులు సన్నగిలెను. 1977 నవంబరు 19 నాటి తుపానులో చెట్లను కౌగిలించుకొని ప్రాణములు దక్కించుకొన్నవారి కథలు దివిసీమ మొదలు ఈ తీరమంతట వినవచ్చుచుండినను, ఆ కృతజ్ఞత చేని హద్దువరకు రాలేదు.

తాడి మాత్రము చందవోలు, పిట్టలవానిపాలెము దారులలో ఇంకను వరుసలుగా కానవచ్చును. దానిని నిలిపినది దూలము గాదు. వేసవిలో ముంజలబేరము, ఏడాదిలో కొన్ని నెలలు కల్లుకుండ.