వేలిముద్ర వద్దన్న గని కార్మికులు

పొద్దున బడికి వెళ్ళగానే నేను చేసే మొదటి పని గోడకున్న యంత్రం మీద బొటనవేలు పెట్టడం. వేలికి సుద్దపొడి అంటుకుని ఉంటే అది నన్ను గుర్తుపట్టదు. తుడుచుకుని మళ్ళీ పెడతాను. ఇందులో అవమానం ఉందని నాకెన్నడూ తోచలేదు. కానీ 1930లో, మన సరిహద్దులోనే, వేలాది కూలీలకు తోచింది.

కోలారు బంగారు గనుల సంగతి చెబుతున్నాను. ఛాంపియన్ రీఫ్, మైసూరు, ఊరిగాం, నందిదుర్గం గనులు నాలుగూ జాన్ టేలర్ అండ్ సన్స్ నిర్వహణలో ఉండేవి. కూలీల్లో తమిళులే ఎక్కువ, మన చిత్తూరు సీమ తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒక గని వద్దన్నవాడు పేరు మార్చుకుని పక్క గనిలో చేరితే రిజిస్టరు పట్టుకోలేదు, వేలిముద్ర పట్టుకుంటుంది. అందరి వేలిముద్రలూ తీసి నమోదు చేస్తామన్నారు. కూలీలు సమ్మె కట్టారు. 21 రోజులు.

ఇంత కోపమెందుకంటారా? అప్పట్లో వేలిముద్రకు అర్థం వేరు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టింది నేరస్థులను గుర్తుపట్టడానికి. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం ఎరుకల వంటివారి వేలిముద్రలు తీసుకునే అధికారమిచ్చింది. పుట్టుకనే నేరం చేసిన చట్టమది. వేల అడుగుల లోతున రాయి తొలిచేవాడికి సిరా పూసే ఆ బల్ల పోలీసు ఠాణాలా కనబడితే ఆశ్చర్యమేముంది?

అదే 1911లో అమెరికాలో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారపు పోతపనివాళ్ళు స్టాప్‌వాచ్ చూసి పని వదిలేశారు. ఏ కదలికకు ఎన్ని సెకన్లో పక్కన నిలబడి రాసుకోవడం ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు పద్ధతి. గనుల టేలర్లు వేరు, ఈయన వేరు లెండి. 1915లో అక్కడి కాంగ్రెస్ ప్రభుత్వ ఆయుధశాలల్లో ఆ పద్ధతికి డబ్బు ఇవ్వకుండా కట్టడి చేసింది.

ఇప్పుడు పక్కన ఎవరూ నిలబడనక్కర్లేదు. పెద్ద గిడ్డంగుల్లో పనివాడి చేతిలోని స్కానరే సెకన్లు లెక్కపెడుతుంది, చెయ్యి ఆగితే అదీ రాసుకుంటుంది. 2021లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది: ఎంత పని కావాలో పనివాడికి రాసి ఇవ్వాలి, మరుగుదొడ్డికి వెళ్ళే వ్యవధిని ఆ లెక్క మింగెయ్యకూడదు. దానికీ చట్టం కావలసి వచ్చింది!

కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. అక్కడి కుర్రాళ్ళు తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్తున్నారు. నా పాత విద్యార్థి ఒకడు గిడ్డంగిలో చేస్తున్నాడు. గంటకు ఎన్ని పెట్టెలు కట్టాలిరా అని అడిగాను.

“అది మాకు చెప్పరు సార్. తగ్గితే మాత్రం ఫోనుకు వస్తుంది” అన్నాడు.